ఇంటి దగ్గర చెట్టు కొట్టేయాలా, ఉంచాలా? ఎట్టా తేల్చుకోవాలో చెప్తా

సెప్టెంబర్ వచ్చిందంటే మా నెల్లూరు వైపు ఇళ్ళల్లో ఒక మాట మొదలవుద్ది, "ఆ వేపచెట్టు ఈసారి తుఫానుకి ఆగదేమో, కొట్టించేద్దామా" అని. అనుకుంటారు, వదిలేస్తారు, మళ్ళీ అక్టోబర్ ఆఖర్లో టీవీలో వాయుగుండం అనగానే గాభరా పడి ఫోన్లు చేస్తారు, అప్పుడు చెట్లు కొట్టేవాళ్ళు దొరకరు, దొరికినా వాళ్ళు అడిగినంత ఇవ్వాల్సిందే. ఇంకోవైపు ఏ రోగమూ లేని చెట్టుని, ఆకులు రాలి వాకిలంతా చెత్త అవుతోందని మొదలంటా నరికించేసి, ఏప్రిల్ రాగానే వరండాలో కూర్చోలేక అల్లాడేవాళ్ళూ ఉన్నారు. ఈ రెండూ కాకుండా కాస్త నిదానంగా చూసి తేల్చుకోవచ్చు, పెద్ద చదువు కూడా అక్కర్లేదు, ఒక సుత్తి, ఒక సన్న ఇనప చువ్వ, ఒక చాకు ఉంటే చాలు. నా లెక్కలో అసలు సూత్రం ఒకటే: ఆకులు చూసి నరకొద్దు, మొదలు చూసి నరకండి.

ముందు పడితే ఏమ్మీద పడుద్దో చూడండి

చాలామంది చెట్టుని చూస్తారు, చెట్టు కింద ఏముందో చూడరు. చెట్టు ఎంత ఎత్తుందో అంత దూరం చుట్టూ ఒకసారి నడవండి, దానికి ఇంకో నాలుగైదు అడుగులు కలుపుకోండి. ఆ లోపల ఏమేం ఉన్నాయి? మీ పడగ్గది ఉందా, పక్కింటివాళ్ళ రేకుల షెడ్డు ఉందా, రోజూ పిల్లలు స్కూల్ ఆటో కోసం నిలబడే చోటు ఉందా, కరెంటు తీగలు పోతున్నాయా, బర్రెల్ని కట్టేస్తారా. మనుషులు ఎక్కువసేపు ఉండే చోటే అసలు లెక్క. పొలం గట్టు మీద సగం ఎండిపోయిన తుమ్మచెట్టు ఉంటే దాన్ని అట్టాగే వదిలేయండి, పాలపిట్టలో గుడ్లగూబలో ఉంటాయి, పడితే గట్టు మీదే పడుద్ది. అదే చెట్టు మీ నాన్నగారు మంచం వేసుకుని పడుకునే చోట ఉంటే కథ వేరు. కాబట్టి ఒక్కోసారి చెట్టుని కొట్టే బదులు మంచం జరిపితే పని అయిపోద్ది, బండ్లు పెట్టే షెడ్డు మారిస్తే అయిపోద్ది, నవ్వుతారేమో గానీ ఇది నిజంగా చవకైన మార్గం.

తర్వాత మొదలు దగ్గర కూర్చోండి

నిలబడి పైకి చూడ్డం కాదు, మొదలు దగ్గర గొంతుక్కూర్చుని చూడాలి. రాలిన ఆకులు, ఇటుక ముక్కలు, పాత బకెట్లు పేరుకుని ఉంటే అన్నీ ఊడ్చేసి మట్టి కనపడేటట్టు చేయండి. బాగున్న చెట్టుకి బోదె కింద కాస్త వెడల్పయి వేర్లలోకి దిగుద్ది, ఆ వెడల్పు కనపడకుండా కరెంటు స్తంభం పాతినట్టు తిన్నగా మట్టిలోకి పోయిందంటే ఎవరో ఎప్పుడో అక్కడ మట్టి పోసి ఎత్తు చేశారని అర్థం, లోపల బెరడు కుళ్ళి ఉండొచ్చు. మట్టి కొద్దిగా తవ్వి చూడండి.

పుట్టగొడుగులు ఉన్నాయా చూడండి. వానాకాలంలో నేల మీద మొలిచే గొడుగుల్లాంటివి కాదు, చెట్టు మొదలుకో పైకి లేచిన వేరుకో అతుక్కుని, అర్ధచంద్రాకారంలో, చెక్కలాగా గట్టిగా పెరిగేవి. అవి కనపడినాయంటే లోపల చెక్క చాలా రోజుల్నుంచీ కుళ్తోందని. పైన ఆకు పచ్చగా ఉన్నా సరే. చెట్టు నీళ్ళు తాగేది బెరడు కిందున్న కొత్త చెక్కతో, గాలికి నిలబడేది మొత్తం చెక్కతోనూ వేర్లతోనూ, అందుకే లోపల డొల్ల అయిన చెట్టు కూడా మంచి పచ్చగా, కాయలు కూడా కాస్తా కనపడుద్ది. మోసపోయేది ఇక్కడే.

ఇంకోటి, వేర్లని ఎవరైనా నరికారా అని గుర్తు తెచ్చుకోండి. మన ఊళ్ళల్లో చెట్లు పడటానికి ఇదే నంబర్ వన్ కారణం అంటాను నేను. సిమెంటు రోడ్డు వేస్తారు, సైడు కాలవ తీస్తారు, మంచినీళ్ళ పైపు అంటారు, ప్రహరీ గోడకి పునాది తీస్తారు, జేసీబీ వచ్చి బోదెకి రెండడుగుల దూరంలో ఒక పక్క వేర్లన్నీ తెంపేసి పోద్ది. చెట్టు వేర్లు పాతాళానికి పోతాయని అనుకుంటాం గానీ ఎక్కువ వేర్లు పైన రెండు మూడు అడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి కూడా పోతాయి. కావలిలో మాకు తెలిసినవాళ్ళ వీధిలో కాలవ తవ్విన తర్వాత ఒక వేపచెట్టు పచ్చగా, పూత కూడా బాగా పూసి, అందరూ ఏం కాలేదులే అనుకున్నారు, ఆ తర్వాత వచ్చిన ముసురుకి పెద్ద గాలి కూడా లేకుండానే కాలవకి ఎదురు పక్కకి పడింది, వేర్ల గుత్తి ఒక పక్క మాత్రమే లేచింది, రెండో పక్క కోసినట్టు నున్నగా ఉంది. కింద ఒక స్కూటర్ పోయింది, మనుషులు లేరు కాబట్టి సరిపోయింది. మీ చెట్టుకి బోదె దగ్గరగా ఒక పక్క వేర్లు పూర్తిగా పోయి, అది ఇంటి మీదకో దారి మీదకో పడే దూరంలో ఉంటే, ఎక్కువ ఆలోచించొద్దు, తీసేయండి.

సుత్తితో కొట్టి వినండి

చెక్క సుత్తి అయితే మంచిది, లేకపోతే ఇనప సుత్తికి గుడ్డ కట్టి బోదె చుట్టూ కింద నుంచి మీ తల ఎత్తు దాకా కొట్టుకుంటూ రండి. గట్టి చెక్క టక్ టక్ మంటుంది, డొల్ల ఉన్నచోట డబ్ డబ్ అని ఖాళీ డబ్బా శబ్దం వస్తుంది. రెండు మూడు చెట్లని కొట్టి చూస్తే చెవికి తేడా తెలిసిపోద్ది.

తొర్ర ఉంటే చువ్వ లోపలికి పోనిచ్చి ఎంత లోతు పోతుందో చూడాలి (ముందు టార్చి వేసి చూడండి, చింత, రావి తొర్రల్లో పాములు ఉండటం మామూలే). ఉదాహరణకి చింతచెట్టు బోదె అడ్డంగా మూడడుగులు ఉందనుకోండి, అంటే మధ్య నుంచి బెరడు దాకా ఒకటిన్నర అడుగు, పద్దెనిమిది అంగుళాలు. తొర్ర చుట్టూ ఇంకా గట్టిగా ఉన్న చెక్క మందం కనీసం అందులో మూడో వంతు, అంటే ఆరంగుళాలు ఉండాలి. చుట్టూతా అంత ఉంటే ఆ చెట్టు నిలబడగలదు, మన ఊళ్ళల్లో పాత చింతలు చాలావరకు డొల్లవే, అయినా నిలబడుతున్నాయి. అంతకంటే పల్చబడితే, లేదా తొర్ర ఒక పక్క పూర్తిగా తెరుచుకుని ఉంటే, అప్పుడు ప్రమాదం. కొంతమంది తొర్రలో సిమెంటు కాంక్రీటు పోసి మూసేస్తారు, అది చెట్టుకి బలం ఇవ్వదు, చెట్టు ఊగుద్ది కాంక్రీటు ఊగదు, మధ్యలో నీళ్ళు నిలిచి ఇంకా కుళ్ళుద్ది.

పంగ కూడా చూడండి. బోదె రెండుగా చీలిన చోట ఇంగ్లీషు యూ అక్షరంలాగా ఉంటే గట్టిది, వీ లాగా ఇరుకుగా ఉండి మధ్యలో బెరడు ఇరుక్కుని ఉంటే గాలికి అక్కడే చీలుద్ది. పంగ దగ్గర నిలువుగా పగులు, దాంట్లోంచి నల్లటి నీళ్ళు కారుతున్నాయంటే ఇప్పటికే చీలిక మొదలైందని.

వంగిన చెట్టు అంటే భయపడాల్సిన పని లేదు, ఎప్పుడు వంగిందనేది ముఖ్యం

సముద్రం దగ్గర ఊళ్ళల్లో, కొత్తపట్నం గానీ మైపాడు గానీ, చెట్లన్నీ ఒక పక్కకే ఒరిగి ఉంటాయి. చిన్నప్పట్నుంచీ వంగి పెరిగిన చెట్టు మళ్ళీ పైన నిట్టనిలువుగా తిరుగుద్ది, బోదె విల్లులాగా ఉంటుంది, అది దాని సొగసు, వదిలేయండి. కొత్తగా వంగితే బోదె మొత్తం తిన్నగా ఉండి మొదట్నుంచే ఒరుగుద్ది, ఒరిగిన వైపుకి ఎదురు పక్క మట్టి ఉబ్బి పగుళ్ళిస్తుంది, పెద్ద వేరు మట్టిలోంచి పైకి లేస్తుంది. గాలి వీస్తున్నప్పుడు దూరంగా నిలబడి మొదలు దగ్గర మట్టి చూడండి, చెట్టు ఊగినప్పుడల్లా మట్టి కదులుతోందంటే ఆ చెట్టు కింద ఇంకెవర్నీ ఉండనివ్వొద్దు, అది అత్యవసరం. అనుమానంగా ఉంటే పక్క గోడ అంచుతో పోల్చి ఫోన్లో ఫోటో తీసిపెట్టుకోండి, అదే చోట నిలబడి ప్రతి వాన తర్వాతా తీయండి, కళ్ళని నమ్మే కంటే ఇది నయం.

మన తీరం పక్క ఇసక నేల. నాలుగు రోజులు ముసురు పట్టి నేల నాని, ఆ తర్వాత గాలి వస్తే గట్టి చెట్టు కూడా వేర్లతో సహా లేస్తుంది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు నెల్లూరు మీదంతా వాన దంచింది గుర్తుందిగా, అప్పుడు చెట్లు పడ్డది ఒక్క గాలికే కాదు. తుఫాన్లు కార్తీకంలోనే వస్తాయనీ లేదు, 2010లో లైలా మే 20న వచ్చింది.

ఎండింది అనుకున్నది నిజంగా ఎండిందా?

ఇక్కడ వేప గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 2021లో ఆంధ్రా తెలంగాణ రెండు చోట్లా వేపచెట్లు పైనుంచి కిందకి మాడిపోయినట్టు అయినాయి, కొమ్మల చివర్లు గోధుమ రంగుకి తిరిగి, దూరం నుంచి చూస్తే చెట్టు మొత్తం నిప్పంటించినట్టు ఉండేది. అది కొమ్మల్ని చివర్ల నుంచి ఎండగొట్టే ఒక శిలీంధ్రం, దానికి తోడు రసం పీల్చే తేయాకు దోమ అనే పురుగు. చచ్చిపోయిందని చాలామంది కొట్టించేశారు. వదిలేసిన చోట్ల ఎక్కువ చెట్లు ఎండాకాలం రాగానే మళ్ళీ చిగుర్లు వేశాయి. ఇప్పటికీ కొన్ని ఏళ్ళల్లో చలికాలం వస్తే అదే కనపడుతోంది.

కాబట్టి చాకు తీసుకుని వేలి లావు కొమ్మ బెరడు గోరంత గీకండి. కింద పచ్చగా తడిగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకొంచెం లావు కొమ్మ దగ్గరకి రండి, అక్కడ గీకండి, అట్టా బోదె దాకా రండి. ఎక్కడ పచ్చ మొదలైతే అక్కడి దాకా చెట్టు బతికున్నట్టు. బోదెకి నాలుగు పక్కలా గీకినా పచ్చ లేకపోతే, ఉగాది పోయి వైశాఖం వచ్చినా ఒక్క చిగురు లేకపోతే, అప్పుడు చచ్చినట్టే. ఎండిన చెట్టుని ఏళ్ళ తరబడి ఉంచొద్దు, చెక్క పెళుసై ఎక్కేవాళ్ళ కాలు కిందే విరుగుద్ది, అప్పుడు ఎవరూ ఎక్కరు, క్రేను తెప్పించుకోవాల్సి వస్తుంది.

కొబ్బరి వేరే రకం. దానికి పెరిగేది నెత్తి మీదున్న ఒక్క మొవ్వే, అది కుళ్ళితే పక్కనుంచి చిగురు రాదు. మొవ్వాకు లాగితే చేతికి ఊడొచ్చి కంపు కొడితే మొవ్వు కుళ్ళు, తొందరగా పట్టుకుంటే మందుతో ఆగుద్ది, ఆలస్యమైతే చెట్టు పోయినట్టే. మానుకి చిల్లులు పడి నమిలిన పీచు బయటకొస్తా, చెవి ఆనిస్తే లోపల గరగర శబ్దం వస్తుంటే ఎర్రముక్కు పురుగు. మొదలు దగ్గర ఎర్రటి బంక కారి పైకి పాకుతోంటే గానోడెర్మా అనే శిలీంధ్రం తెగులు, అది వేర్ల ద్వారా పక్క చెట్లకీ పోద్ది. పురుగు పట్టి చచ్చినదాన్ని నరికి తోటలోనే పడేస్తే పక్క చెట్లకి మీరే పంపించినట్టు, తగలబెట్టాలి.

ఇక సరుగుడు, సుబాబుల్, తురాయి పెళుసువి, వేప, చింత, కానుగ గాలికి మెరుగు. ఇంటికి ఆనుకుని ఉన్న ముసలి తురాయిని నేనైతే ఉంచను.

గోడ పగుళ్ళకి చెట్టే కారణమా

ఇది నేలని బట్టి. ఒంగోలు చుట్టుపక్కల, నాగులుప్పలపాడు వైపు నల్లరేగడి ఉన్నచోట చెట్టు వేరు గోడని తోసే కంటే మట్టిలో నీళ్ళు పీల్చేసి మట్టిని కుదించేది ఎక్కువ, పునాది ఆ మూల దిగుద్ది. గుర్తు ఏందంటే చెట్టు వైపు మూలలో ఏటవాలుగా పగులు, పైన వెడల్పు కింద సన్నం, మే నెలలో విచ్చుకుని వానలకి మళ్ళీ కలుస్తా ఉంటుంది. పగులు చివర్లలో పెన్సిల్తో గీత గీసి పక్కన తేదీ రాయండి, ఒక ఎండాకాలం ఒక వానాకాలం చూడండి. ఏడాది పొడుగునా ఒకేలా ఉంటే చెట్టుది కాదు, కట్టినోళ్ళది. ఇసక నేలలో, కనిగిరి వైపు ఎర్ర గరువు నేలలో ఈ కుదింపు బాధ పెద్దగా ఉండదు.

ఒక మెలిక ఉంది. రేగడిలో ఇల్లు కట్టకముందు నుంచీ ఉన్న పెద్ద చెట్టుని ఒక్కసారిగా తీసేస్తే, ఇన్నాళ్ళూ పొడిగా ఉన్న మట్టి నీళ్ళు తాగి ఉబ్బి గచ్చుని పైకి లేపొచ్చు. అట్టాంటి చోట ఇంజనీరుని పిలిపించి చూపించకుండా గొడ్డలి పెట్టొద్దు.

రావి, మర్రి మాత్రం ఏ నేలైనా గోడకి ఆనుకుని పెరగనివ్వొద్దు. పిట్టగోడ సందులో రావి మొక్క జానెడు ఉన్నప్పుడే వేరుతో లాగేయండి. చేతికి రానంత లావైతే ఇక మేస్త్రీ పని.

నరకడం కంటే ముందు అడగాల్సింది: కొమ్మ తీస్తే సరిపోద్దా?

సగం కేసుల్లో సరిపోద్ది. ఎండు కొమ్మలు, ఇంటి కప్పు మీదకి వచ్చినవి, ఒకదానికొకటి రాసుకునేవి తీస్తే గాలి చెట్టులోంచి దూరిపోద్ది. ఒక్కసారికి ఆకులో పావు వంతు కంటే ఎక్కువ తీయొద్దు. తల కొట్టేసి మొండెం చేయించొద్దు, అది చూడ్డానికి భద్రంగా అనిపిస్తుంది గానీ కోసిన చోటు కుళ్ళుద్ది, దాని చుట్టూ గుబురుగా వచ్చే కొత్త కొమ్మలకి పట్టు ఉండదు, నాలుగైదేళ్ళకి అవి లావై ముందుకంటే ప్రమాదం అవుద్ది. లావు కొమ్మ కోసేటప్పుడు ముందు కింద నుంచి కొంచెం, తర్వాత ఇంకొంచెం బయటగా పైనుంచి, ఆఖరికి మిగిలిన మోటుని బోదె దగ్గర ఉబ్బు వదిలేసి కోయమనండి, లేకపోతే బెరడు కిందదాకా చీరుకుపోద్ది. ఇదంతా జూన్ నుంచి ఆగస్టు లోపు చేయించుకోండి, గూళ్ళల్లో పిల్లలుంటే అవి ఎగిరిపోయేదాకా ఆగండి.

తీసేయాల్సిందే అని తేలితే

మీ స్థలంలో ఉన్నా సరే చెట్టు కొట్టడానికి పర్మిషన్ అక్కర్లేదు అనుకోవద్దు, 2002 నాటి వాల్టా చట్టం (నీళ్ళు, భూమి, చెట్ల చట్టం) ఉంది, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అడిగి కాగితం తీసుకోండి. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ లాంటివాటికి మినహాయింపు ఉంది, అందుకే ప్రకాశంలో ఆ తోటలు కొట్టి లారీలకి ఎత్తుతా ఉంటారు. టేకు అయితే తరలించడానికి కూడా పర్మిట్ కావాలి. ఎర్రచందనం మీ సొంత స్థలంలో మీరే పెంచినా, ఉదయగిరి రాపూరు అడవులు పక్కనే ఉన్న మన జిల్లాలో, ముట్టుకోక ముందే ఫారెస్టోళ్ళకి చెప్పాలి, లేకపోతే మిమ్మల్ని దొంగ కింద చూస్తారు. గేటు బయట రోడ్డు పక్కన ఉన్న చెట్టు మీరు నాటినా మీది కాదు, మున్సిపాలిటీకో పంచాయతీకో రాసివ్వాలి. ఆఫీసుకి పోయేముందే ఫోటోలు తీసి పెట్టుకోండి, పుట్టగొడుగు, పగులు, వంగుడు అన్నీ.

తీగలకి దగ్గరుంటే 1912కి ఫోన్ చేయండి లేదా మీ లైన్‌మన్‌ని పట్టుకోండి, లైన్ ఆపేసి ఆయన అక్కడే ఉన్నప్పుడే పని మొదలుపెట్టాలి, "చిన్న కొమ్మే కదా" అన్నవాళ్ళే పోయారు.

పక్కింటాయన చెట్టు మీ మీదకి వస్తే ముందు ఆయన్ని పిలిచి మొదలు దగ్గర కూర్చోబెట్టి చూపించండి, "అన్నా, ఇది చూడు" అంటే సగం గొడవ అక్కడే పోద్ది. చెట్టు మీ ఇంటిదైతే ఇంట్లో పెద్దవాళ్ళ మాట కూడా వినండి, రావి వేప కలిసి ఉండి కింద నాగుల రాళ్ళు ఉంటే కూలీలే గొడ్డలి పట్టరు, పూజారిని పిలిచి రాళ్ళు జరిపించి, కొబ్బరికాయ కొట్టి మంచిరోజు చూసుకుంటే అందరికీ మనసు కుదుటపడుద్ది, ఖర్చూ లేదు.

చెట్టుకి చిల్లు పెట్టి ఇంగువ పెట్టడం, యాసిడ్ పోయడం లాంటి దొంగ పనులు మాత్రం వద్దు, చెట్టు ఒక్కసారిగా చావదు, ఆ లోపు పెళుసైన కొమ్మలు మీ మీదే రాలతాయి.

బేరం ముందే తెంచుకోండి: కొట్టడం, మోకులతో దించడం, కలప ఎవరిది, కంప ఎవరు ఎత్తుతారు, మోడు తవ్వుతారా లేదా. చింత, వేప మొద్దులకి అడితీల్లో ధర వస్తుంది, చింత మొద్దు మాంసం కొట్లవాళ్ళు కూడా తీసుకుంటారు, అది కూలీలో తగ్గించమని అడగండి. గోడకి దగ్గరున్న చెట్టుని మొదట్లో కొట్టి పడేస్తామంటే ఒప్పుకోవద్దు, పైనుంచి ముక్కలుగా దించాల్సిందే.

మోడు విషయం. వేప, కానుగ, సుబాబుల్ మోడు వదిలేస్తే మళ్ళీ చిగుర్లు వస్తాయి, వచ్చినవి వచ్చినట్టు విరిచేస్తా ఉండాలి. ఇంటికి ఆనుకుని ఉన్న మోడుకి చెదలు పడతాయి, అక్కడ్నుంచి తలుపు చట్రాలకి వస్తాయి, అందుకని గునపాలతో వీలైనంత తవ్వించి గుంత మట్టితో దిమ్మిస కొట్టించండి. పునాది కిందకి పోయిన వేర్లని లాగొద్దు, కోసి అట్టాగే వదిలేయండి. బదులు చెట్టు పెట్టాలనుకుంటే కానుగో పొగడో పెట్టుకోండి, గోడకి పదిహేను అడుగులైనా దూరం, తీగల కింద కాకుండా, మొదలు చుట్టూ గజం మేర సిమెంటు గచ్చు పోయకుండా.